నీళ్ళు తగలని శాసనం

నేత్రావతి కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతోంది.

కోలారు బంగారు గనుల చాంపియన్ రీఫ్స్ కూలీ లైన్లలో ఎండాకాలం గాలి లేచిందంటే బంగారం తీసేసిన రాతిపొడి పోసిన సైనైడ్ దిబ్బల మీది తెల్ల దుమ్ము ఇంటింటికీ వస్తుంది. మూత పెట్టిన చెంబులోకీ వస్తుంది, మడిచి పెట్టిన చీరలోకీ వస్తుంది. గని మూతపడి ఇరవై ఏళ్ళు దాటినా దుమ్ముకు మాత్రం సెలవు లేదు. బోర్లించిన గిన్నె మీద కాసేపటికి వేలు పెడితే చాలు, ముద్ర పడుతుంది.

"ఇంగా ఆ గిన్నేనా ఆఫీసమ్మా?" గడప మీద కూచున్న చెన్నమ్మ అడిగింది. "మీ ఆఫీసులో రాళ్ళు తుడిచినందుకు జీతమిస్తారంట కదా. గిన్నెలకూ ఇస్తారేమో అడగరాదా?"

నేత్రావతి తల ఎత్తలేదు.

"నీతోనే మాట్లాడతా ఉండేది. నోట్లో నాలుక ఉండాదా, అది కూడా ఆఫీసులోనే పెట్టి వచ్చినావా? ఒక్క మాట మాట్లాడకుండా నా ఇంట్లోంచి ఎళ్ళిపో తల్లీ. నేను నిన్ను ఇంగేమీ అడగను."

ఇది రోజూ పొద్దున జరిగేదే. చెన్నమ్మ భర్త నరసింహప్ప గనిలో డ్రిల్లర్. రాతిపొడి ఊపిరితిత్తుల్లో గట్టిపడి పోయాడు. కొడుకు అంబరీష్ జాతీయ చరిత్ర పరిశోధనాలయంలో శాసనాల అచ్చులు తీసే పనివాడు. పోయిన నెల గనిలోకి దిగే నిలువు బావి ఒకదాంట్లో, పాత షాఫ్ట్‌లో అతని శవం దొరికింది. బంగారు రాయి దొంగతనానికి దిగి జారిపడ్డాడని పోలీసులు రాసుకున్నారు. అతనికీ తమకూ సంబంధం లేదని పరిశోధనాలయం గేటుకు కాగితం అంటించింది. దొంగ తల్లి అని లైన్లలో ఆమెను పలకరించేవాళ్ళు తగ్గిపోయారు.

అట్లాంటి మనిషి, అంబరీష్ పనిలోనే చేరిన కొత్త అమ్మాయికి గది బాడిగకు ఎందుకిచ్చిందో ఎవరికీ అర్థం కాలేదు. నేత్రావతికి మాత్రం మొదటి రోజే అర్థమైంది. ఆ ఆఫీసును తిట్టాలంటే చెన్నమ్మకు ఎదురుగా ఒక మనిషి కావాలి.

గోడగూట్లో అంబరీష్ ఫోటో. దాని పక్కన ఇత్తడి మూత పెన్ను ఒకటి. శవంతోపాటు పోలీసులు తిరిగి ఇచ్చింది. "రాయని పెన్ను. నా కొడుకు దీన్ని జేబులో పెట్టుకొని ఏం చేసినాడో" అంటుంది చెన్నమ్మ. అది రాయదని నేత్రావతికి తెలుసు. అట్లాంటిదే ఆమె సంచిలోనూ ఉంది. కేంద్ర నిఘా డిపార్ట్‌మెంట్ తన రహస్య ఏజెంట్లకు ఇచ్చే పెన్ను అది, లోపల సిరా బదులు పూతల్ని కరిగించే మందు ఉంటుంది. చెన్నమ్మ కొళాయి దగ్గరికి వెళ్ళినప్పుడు ఒకసారి నేత్రావతి అంబరీష్ పెన్నును విప్పి చూసింది. లోపల చుక్క లేదు. అంటే చనిపోయేముందు అంబరీష్ దాన్ని వాడాడు.

అతను దొంగ కాదని ఆ ఇంట్లో ఒకరికి తెలుసు. చెప్పే అధికారం ఆ ఒక్కరికీ లేదు.

ఫోను వణికింది. మెసేజ్: 'గ్యాస్ స్టవ్ రిపేర్. ఊరిగాం చర్చి పక్కన.'

నేత్రావతి చేతులు తుడుచుకొని సంచి భుజానికి తగిలించుకుంది.

"పో, పో. రాళ్ళు ఎదురు చూస్తా ఉంటాయి" వెనకనుంచి చెన్నమ్మ.

* * *

ఊరిగాం చర్చి గోడ నీడలో పాత మోపెడ్ ఒకటి ఆగి ఉంది. దానికి చుట్టూ బర్నర్లు, ట్యూబులు వేలాడుతున్నాయి. మోపెడ్ పక్కన మాసిన ఖాకీ చొక్కాలో శ్రీనివాసమూర్తి కూచుని నిజంగానే ఒక స్టవ్ విప్పుతున్నాడు. డిపార్ట్‌మెంట్‌లో దక్షిణ రాష్ట్రాలు చూసే సదరన్ డెస్క్ మొత్తం ఆయన చేతి కింద నడుస్తుంది.

"ఎవరిది సార్ ఆ స్టవ్?"

"ఎదురింటి ముసలామెది. వేషం వేశాక నమ్మించాలి కదా" అన్నాడు విసుగ్గా. "మళ్ళీ బిగించడమే రావట్లేదు. కూర్చో. రేపు పదకొండు గంటలకు లైవ్. పాత క్లబ్బు గ్రౌండ్‌లో రాయిని ఆవిష్కరిస్తారు."

నేత్రావతి సంచిలోంచి ఒక గిన్నె తీసి రిపేరుకు తెచ్చినట్టు కింద పెట్టి కూచుంది.

ఆ రాయి వెనక ఉన్న ముఠాకు ఫైల్లో పేరు 'శిల్పి'. దేశం బయట నుంచి నడుస్తుంది. తుపాకులు పంపదు, బాంబులు పెట్టదు. ఉన్న చరిత్రలో లేనిదాన్ని చెక్కుతుంది. ఈసారి చెక్కింది నిజంగా రాతి మీదే. నీళ్ళు నిండిన పాత షాఫ్ట్‌లోంచి వెయ్యేళ్ళ శాసనం బయటపడిందని వార్త పుట్టించింది. ఈ బంగారు నేల ఒక భాషవాళ్ళకే దానమిచ్చారనీ, మిగతావాళ్ళంతా వాళ్ళకు బానిసలుగా తెచ్చినవాళ్ళనీ, వాళ్ళకు ఇక్కడ గుడిసె వేసుకొనే హక్కు కూడా లేదనీ ఆ శాసనంలో ఉందట.

"ఏ భాష సార్?"

"ఏదైతే ఏం? ఇంకో భాష గెలిచే రాయి కూడా వాళ్ళు చెక్కగలరు. వాళ్ళకు కావలసింది కొట్లాట. అప్పుడే వాట్సాప్‌లో మొదలైంది చూడు."

చూడక్కరలేదు. లైన్లలో ఒకే గోడకు అటు తెలుగు కాపురం, ఇటు తమిళ కాపురం. చెన్నమ్మా, పక్కింటి సెల్వీ ముప్పై ఏళ్ళుగా ఒకే కొళాయి దగ్గర నీళ్ళు పట్టుకున్నవాళ్ళు. ఈ వారం నుంచి బిందెలతో కొట్టుకోవడం ఒక్కటే తక్కువ.

"పరిశోధనాలయం డైరెక్టర్ పురుషోత్తమ్‌కు చెప్పండి. ఆపేస్తాడు."

"ఆయన మంచి పండితుడు. ముప్పై ఏళ్ళుగా ఇట్లాంటి రాయి ఒకటి దొరకాలని కలలు కన్నాడు. దొరికితే నమ్మడా?" మూర్తి స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "పైగా మనం ఆపితే, 'ప్రభుత్వం నిజాన్ని దాచింది' అని వాళ్ళ వీడియో రెడీ. ల్యాబ్ రిపోర్టు చూపిస్తే రిపోర్టు మార్చారంటారు. ఇప్పుడు ఎవరూ ఎవరి మాటా నమ్మరు నేత్రా. ఆ రాయి తనంతట తానే, అందరి కళ్ళముందూ ఒప్పుకోవాలి. లేదంటే రేపు సాయంత్రానికి ఈ లైన్లు తగలబడతాయి."

"పెన్ను ఉంది."

"ఉంది. ఒక్క స్ప్రే చాలు. జిగురూ దిబ్బ దుమ్మూ కలిపి పూసిన పూత అది. పాత రంగు రావడానికి. కరిగిపోతుంది. అంబరీష్ రాయి వెనక మూల మీద స్ప్రే కొట్టి చూశాడు. 'రాయి దొంగది' అని ఒక్క మెసేజ్ పంపాడు. తర్వాత అతని ఫోను దొరకలేదు."

"అతన్ని తోసిందెవరు?"

"తెలీదు. కానీ ఇప్పుడు లోపల మనకొక మనిషి ఉంది. డాక్టర్ రత్న. ఆ రాయిని చదివింది ఆమే. శిల్పి మనిషే. పోయిన వారం తనంతట తనే మన దగ్గరికి వచ్చింది. బెంగళూరులో వాళ్ళు దాక్కునే సేఫ్ హౌస్ కూడా పట్టించింది. రేపు రాయి పక్కన నిలబడేది ఆమే కాబట్టి పెన్ను ఆమెకివ్వు. కోడ్: 'కోలారు పాలు చిక్కగా ఉంటాయా?' జవాబు: 'నీళ్ళు కలిపేవాళ్ళని అడగాలి.'"

"ఆ సేఫ్ హౌస్‌లో ఎవరు దొరికారు సార్?"

"అప్పటికే ఖాళీ చేసి వెళ్ళారు."

నేత్రావతి ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది.

"నీ అనుమానం నాకు అర్థమైంది. ఇది ఆర్డర్" అన్నాడు మూర్తి. ఎదురింటి తలుపు తెరుచుకుంది. "ఏమప్పా, ఇంగా కాలేదా? పాలు పొంగించాల" అని ముసలామె అరిచింది.

సదరన్ డెస్క్ అధిపతి గబగబా స్క్రూలు వెతుక్కున్నాడు.

* * *

పాత క్లబ్బు గ్రౌండ్‌లో షామియానా లేస్తోంది. మధ్యలో గట్టు మీద రాయి. నలుపూ గోధుమా కలిసిన రంగు, నిలువెత్తు. దాని ముందు బోర్డు: 'రాయిని తాకరాదు. నీళ్ళు, నూనె, పసుపు నిషేధం.'

శాసనానికి అచ్చు తీయాలంటే మొదట చేసే పని రాయిని కడగడం. తర్వాత తడి కాగితం పరిచి బ్రష్‌తో కొడతారు, అక్షరాల గుంటల్లోకి కాగితం దిగుతుంది, పైన సిరా అద్దుతారు. ఆ పనికే నేత్రావతిని తీసుకున్నారు. చేరినప్పటినుంచీ ఆమె బ్రష్ తడవలేదు. లేజర్ స్కాన్ చేశాం, అచ్చు అక్కరలేదు అన్నారు.

"యాడికి?" సెక్యూరిటీ శంకర్ అడ్డం వచ్చాడు. లావు మెడ, నల్ల సఫారీ.

"మేడంకు కాగితాలివ్వాల."

"ఇచ్చి వచ్చెయ్. రాయి పక్క చూడొద్దు."

డాక్టర్ రత్న షామియానా కింద అద్దం లేకుండానే లిప్‌స్టిక్ దిద్దుకుంటోంది. మైసూర్ పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు, మణికట్టుకు సన్నని బంగారు గడియారం. ఆ తెల్ల దుమ్ములో ఆమె చెప్పులు మాత్రం ఎట్లా మెరుస్తున్నాయో ఎవరికీ తెలీదు. ఆమె నడిస్తే కెమెరా కుర్రాళ్ళు వైర్లు తొక్కుకొని పడుతున్నారు.

"మేడం, కోలారు పాలు చిక్కగా ఉంటాయా?"

రత్న పెదవుల మీద నవ్వు మెల్లగా విచ్చుకుంది. "నీళ్ళు కలిపేవాళ్ళని అడగాలి. సో, నువ్వా? ఇంత సైలెంట్‌గా ఉంటే ఎవరో అనుకున్నాను, డియర్."

నేత్రావతి కాగితాల మధ్య పెట్టి పెన్ను అందించింది. "అక్షరాల మీద ఒక్క స్ప్రే."

"క్యూట్" రత్న పెన్నును వేళ్ళ మధ్య తిప్పింది. "బ్యాకప్ ఏంటి?"

"ఏమీ లేదు."

"గుడ్. తొందరపడకు. అంబరీష్ తొందరపడ్డాడు. పాపం, ఆ షాఫ్ట్ అంచున నిలబడి కూడా రాయిని కడగాలి, కడగాలి అనే అన్నాడు."

గాలి లేచి షామియానా గుడ్డ టపటపలాడింది. తను ఏమన్నదో రత్న గమనించలేదు. నేత్రావతి తల ఊపి, నెమ్మదిగా వెనక్కి నడిచింది. గేటు దాటాక గానీ ఫోను తీయలేదు.

"సార్, అంబరీష్ షాఫ్ట్ అంచున ఏమన్నాడో ఆమెకు తెలుసు. అంటే ఆమె అక్కడుంది."

అటువైపు స్క్రూడ్రైవర్ కింద పడిన చప్పుడు.

"పెన్ను?"

"ఇచ్చేశాను."

"ఇంకోటి రేపటికి రాదు. ఆమెను ఇప్పుడే పట్టుకుంటే రాయి హీరో అవుతుంది" మూర్తి గొంతు తగ్గింది. "నీ దగ్గర వేరే దారి ఏదైనా..."

"ఇంకా లేదు సార్" అని పెట్టేసింది.

* * *

ఇంటికొచ్చేసరికి కొళాయి దగ్గర యుద్ధం నడుస్తోంది.

"మీ రాయి చెప్పేదాకా ఆగాలా నేను? ఇది మా తాత ఏసిన కొళాయి!" సెల్వి తమిళ యాసతో తెలుగులో అరుస్తోంది.

"మీ తాత కొళాయి ఏసినాడా? మా మామ గుంత తవ్వకపోతే మీ తాత పైపు యాడ పెట్టేవాడు? నెత్తిన పెట్టుకొనేవాడా?" చెన్నమ్మ సెల్వి బిందెను కాలితో తోసింది. బిందె దొర్లి కాలువలో పడింది. సెల్వి దాన్ని తీసుకోకుండానే లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ముప్పై ఏళ్ళలో ఆ తలుపు మూసి చూడలేదు లైన్లవాళ్ళు.

చెన్నమ్మ రొప్పుతూ ఇంట్లోకి వచ్చి, మూల పొయ్యి మీద ఇంత పెద్ద రాగి అండాకు నీళ్ళు పోసి మంట పెట్టింది. రోజూ పొద్దు వాలే వేళకు అదే చేస్తుంది. కాగిన నీళ్ళు ఎవరూ వాడరు. రాత్రికి చల్లారిపోతాయి.

నేత్రావతి ఆ ఇంట్లో దిగిన తర్వాత మొదటిసారి ఒక ప్రశ్న అడిగింది.

"ఈ నీళ్ళు ఎవురికమ్మా?"

చెన్నమ్మ విసురుగా తిరిగింది. "మాటలొచ్చే నీకు! ఎవురికంటే ఏం చెప్పేది? షిఫ్ట్ దిగే టైము ఇది. మా ఆయన పైకొచ్చే టైము. షాఫ్ట్‌లోంచి వచ్చినోడికి గడప బయటే నీళ్ళు పోయాల. పోసేదాకా పలకరించకూడదు, వాడూ నోరు తెరవకూడదు. లోపలి దుమ్మూ లోపలి గాలీ ఇంట్లోకి రాకూడదని. తెలుగోళ్ళూ తమిళోళ్ళూ అందరం అదే చేస్తాము. మనిషేంది, కింద దొరికింది రాయైనా పారైనా నీళ్ళు పోసే ముట్టుకుంటాము. మీ ఊర్లో లేదా?"

"మాది కురుడుమలె పక్క. మా ఊర్లో గని లేదమ్మా."

"అయితే నీకేం తెలుస్తాది." చెన్నమ్మ మంట ఎగదోసింది. పొగ కళ్ళలోకి పోయింది. "నా కొడుకును పైకి తెస్తే నేను అండా మోసుకొని పోయినాను. పోలీసోళ్ళు దగ్గరికి రానియ్యలా. సంచిలో చుట్టి నేరుగా ఆస్పత్రికి తీసకపోయినారు, ఆడినుంచి కాటికి. నీళ్ళు పోయకుండానే కాల్చినారు. వాడు నాతో ఏమన్నా చెప్పాలనుకొని ఉంటే అది వాడి నోట్లోనే ఉండిపోయినాది."

నేత్రావతి నేల చూపులు చూస్తూ నిలబడింది. ఆ నోట్లో ఏముందో ఆమెకు తెలుసు. రాయి దొంగది. నేను కాదు.

ఆ తర్వాత ఆమె చేసిన పని డిపార్ట్‌మెంట్ నేర్పిందే. అయినా చెన్నమ్మ మొహం చూడకుండానే చెప్పింది.

"రేపు ఆ రాయిని ఆవిష్కరిస్తారమ్మా. షాఫ్ట్‌లోంచి వచ్చిందంట."

"అంట."

"నీళ్ళు పోయరంట. పోయకూడదని బోర్డు పెట్టినారు. అట్లే చదివేస్తారు."

చెన్నమ్మ చేతిలో కట్టె ఆగింది. చాలాసేపు పొయ్యిలోకి చూసింది. కాసేపటికి లేచి, కాలువలో పడిన సెల్వి బిందెను తెచ్చి, బూడిదతో తోమి, మూసిన తలుపు ముందు పెట్టి వచ్చింది.

* * *

పదకొండు కావస్తోంది. గ్రౌండ్ నిండిపోయింది. ఎడమవైపు ఒక భాషవాళ్ళు, కుడివైపు ఇంకో భాషవాళ్ళు. ఎవరూ చెప్పకుండానే అట్లా కూచున్నారు. మధ్యలో ఖాళీ. కొందరు కుర్రాళ్ళ చేతుల్లో జెండా కర్రలున్నాయి, వాటికి జెండాలు లేవు.

నేత్రావతి వేదిక పక్కన నిలబడింది. పక్కటెముకల దగ్గర గట్టిగా ఏదో తగిలింది. శంకర్ చేతిలో ఫైలు, ఫైలు కింద పిస్టల్.

"కదిల్తే అంబరీష్ పక్కకే పోతావు" అన్నాడు చెవిలో. "మేడం చెప్పమనింది."

వేదిక మీద రత్న ఇటు చూసింది. నవ్వింది. చేతిలో ఇత్తడి మూత పెన్ను. దాన్ని అక్షరాలు చూపించే పుల్లలాగా పట్టుకుంది. ఆమె కాళ్ళ దగ్గర బంతిపూల కుండీ. పొద్దున నిగనిగలాడిన పూలు ఇప్పుడు ఉడికినట్టు వాలిపోయి ఉన్నాయి. పెన్నులోది ఎక్కడికి పోయిందో నేత్రావతికి అర్థమైంది.

ఆమె చూపు గేటు వైపు వెళ్ళింది. గేటు దగ్గర ఎవరూ లేరు.

డైరెక్టర్ పురుషోత్తమ్ మైకు ముందుకు వచ్చాడు. కొత్త పంచె, తడి కళ్ళు. "ఇది నా జీవితంలో గొప్ప రోజు" అన్నాడు. నిజంగానే అన్నాడు పాపం. "డాక్టర్ రత్న ఇప్పుడు శాసనాన్ని చదువుతారు."

కెమెరాల మీద ఎర్ర లైట్లు వెలిగాయి. రత్న పెన్ను మొనను మొదటి అక్షరం మీద ఆనించింది.

"స్వస్తి శ్రీ. ఈ నేల..."

"ఆగమ్మా!"

గేటు దగ్గర గోల. చెన్నమ్మ. నెత్తిన గుడ్డ చుట్ట, దాని మీద పొగలు కక్కుతున్న అండా. వెనక లైన్ల ఆడవాళ్ళు. కాపలావాళ్ళు చేతులు అడ్డం పెట్టారు.

"నీళ్ళు లోపలికి లేదు, పోండి!"

"షాఫ్ట్‌లోంచి వచ్చినదానికి నీళ్ళు పోసేదానికి నీ పర్మిషనా?" చెన్నమ్మ ఆగలేదు. మరిగే నీళ్ళు తొణుకుతుంటే కాపలావాడే పక్కకు తప్పుకున్నాడు. "ఏమయ్యా పెద్దమనిషీ, పైకొచ్చినదానికి నీళ్ళు పోయకముందే నోరు తెరిపిస్తారా?"

"సర్, ప్రిజర్వేషన్ రూల్స్!" రత్న గొంతు మొదటిసారి పైకి లేచింది. "నీళ్ళు తగిలితే సర్ఫేస్ డ్యామేజ్ అవుతుంది. ఈమెను బయటికి పంపండి. ఈమె ఆ దొంగ తల్లి!"

గ్రౌండ్ అంతా సద్దుమణిగింది. చెన్నమ్మ అక్కడే ఆగిపోయింది. నెత్తి మీది అండాను రెండు చేతులా పట్టుకుంది.

పురుషోత్తమ్ అటూ ఇటూ చూశాడు. ఆయన కాదంటే అయిపోయినట్టే.

పిస్టల్ మొన పక్కటెముకలో దిగుతుండగా నేత్రావతి గట్టిగా అడిగింది. ఆఫీసులో ఎవరూ ఆమె గొంతు అంత పెద్దగా వినలేదు.

"సార్! ఈ రాయి షాఫ్ట్‌లోంచి వచ్చిందా, రాలేదా?"

"ఏం ప్రశ్న అమ్మా?" పురుషోత్తమ్‌కు పౌరుషం వచ్చింది. మైకులోనే అన్నాడు. "ముమ్మాటికీ షాఫ్ట్‌లోంచే! వందల ఏళ్ళు నీళ్ళలో మునిగి ఉన్న రాయి ఇది!"

"అన్ని ఏండ్లు నీళ్ళల్లో ఉన్నదానికి అండాడు నీళ్ళు పోస్తే ఏమైతాది సామీ?" చెన్నమ్మ వెనకనుంచి ఇంకో గొంతు. సెల్వి. నడుం మీద తోమిన బిందె, దాని నుంచి ఆవిరి. "ఏయ్ చెన్నమ్మా, నీ ఒక్క అండా సాలదు. జరుగు."

ఎడమవైపునుంచి నవ్వు వినిపించింది. కుడివైపునుంచి కూడా. పురుషోత్తమ్ ఆలోచించాడు. మొండివాడే గానీ చరిత్రకారుడు.

"స్థానిక ఆచారం. ఇది కూడా రికార్డు కావలసిందే. కెమెరా దగ్గరికి రానివ్వండి. పోయండమ్మా."

"నో!" రత్న అరిచింది.

చెన్నమ్మ అండా దించి వంచేసింది. కొంగున కట్టుకొచ్చిన కొబ్బరి పీచు తీసి రుద్దింది. షిఫ్ట్ దిగిన మొగుడి వీపు రుద్దినట్టు, పైనుంచి కిందికి, బలంగా. సెల్వి రెండో పక్క పోసింది.

మొదట ఆవిరి లేచింది. తర్వాత గోధుమరంగు బురద కారింది. రాయి వెయ్యేళ్ళ వయసు చెన్నమ్మ మోచేతుల మీదుగా దిగి గట్టు మీద పారింది. అక్షరాలు ఒక్కొక్కటీ అప్పుడే తురిమిన కొబ్బరిలాగా తెల్లగా బయటపడ్డాయి. అట్టడుగున, బురద కడిగినచోట, ఎర్ర పెయింటుతో పెద్ద అంకెలూ, ఒక బాణం గుర్తూ.

కెమెరా అక్కడే ఆగింది. జిల్లాలో ప్రతివాడూ లారీల మీద చూసిందే అది. గ్రానైట్ క్వారీలో బ్లాకు మీద వేసే నెంబరు.

"సార్!" కుడివైపునుంచి ఎవడో అడిగాడు. "వెయ్యేళ్ళ కింద కూడా ఎర్ర పెయింటు ఉన్నిందా?"

"రాజుగారు లోడు ఎత్తించినాడేమోప్పా!" ఎడమవైపునుంచి ఇంకొకడు.

గ్రౌండ్ గొల్లుమంది. కర్రలు పట్టుకున్న కుర్రాళ్ళు కూడా నవ్వారు. మధ్యలో ఖాళీ ఎప్పుడు నిండిందో ఎవరూ చూడలేదు. అందరూ నెంబరు చూడ్డానికి తోసుకొచ్చారు.

శంకర్ ఫైలు జారింది. పిస్టల్ చెన్నమ్మ వైపు లేచింది. నేత్రావతి పక్కకు తోసుకొచ్చిన సెల్వి చేతిలోని బిందెను అడుగునుంచి ఎత్తి తోసింది. మిగిలిన వేడినీళ్ళు అతని మణికట్టు మీద పడ్డాయి. పిస్టల్ బురదలో పడింది. దాన్ని కాలితో తొక్కిపట్టి, అతని మోచెయ్యి వెనక్కి విరిచింది. ఎముక చేసిన చప్పుడు నవ్వుల్లో కలిసిపోయింది.

రత్న అప్పటికే కారు చేరింది. వెనక సీట్లో కూలబడి తలుపు లాక్కుంది. "ఎయిర్‌పోర్ట్. ఫాస్ట్!"

డ్రైవర్ కదల్లేదు. మాసిన ఖాకీ చొక్కా. స్టీరింగ్ మీద గ్రీజు మరకలు.

"కోలారు పాలు చిక్కగా ఉంటాయా మేడం?" అన్నాడు శ్రీనివాసమూర్తి, తలుపుల లాక్ నొక్కుతూ.

రత్న కళ్ళద్దాలు తీసింది. ఆమె చెప్పుల మీద మొదటిసారి తెల్ల దుమ్ము కనిపించింది.

* * *

"పొలంలో దొరికిందని చెప్పి ఉంటే సరిపోయేది" అన్నాడు మూర్తి మధ్యాహ్నం, చర్చి గోడ నీడలో. "ఎవరూ నీళ్ళు పోసేవాళ్ళు కాదు. కానీ షాఫ్ట్ అంటే గొప్పగా ఉంటుంది కదా. గొప్పకు పోయారు." రత్న దగ్గర దొరికిన పెన్నును నేత్రావతి చేతిలో పెట్టాడు. "ఖాళీది. ఆఫీసులో అప్పజెప్పు. సాయంత్రం బస్సుకు నువ్వు బయల్దేరు."

"అంబరీష్ సంగతి?"

మూర్తి మొహం గట్టిపడింది. "అతను మన మనిషని ఒప్పుకుంటే అతనితో పనిచేసినవాళ్ళంతా బయటపడతారు. రికార్డు మారదు. ఆ తల్లికి ఒక్క మాట కూడా చెప్పొద్దు. అర్థమైందా?"

"అర్థమైంది సార్. ఒక్క మాట కూడా చెప్పను."

ఇంట్లో చెన్నమ్మ వాకిట్లో ఖాళీ అండా తోముతోంది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా కంది ఉన్నాయి. నేత్రావతి గదిలోకి వెళ్ళి బట్టలు సర్దుకుంది. సంచి భుజాన వేసుకొని గోడగూడు ముందు ఆగింది. తన పెన్ను తీసింది. అంబరీష్ పెన్ను పక్కన పెట్టింది. రెండూ ఒకే పొడుగు, ఒకే ఇత్తడి మూత, మూత మీద ఒకే గీత.

వెనక అలికిడి. చెన్నమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

ఆమె నెమ్మదిగా వచ్చి కొత్త పెన్ను తీసింది. అరచేతిలో గీసింది. రాయలేదు. పాతదాన్ని గీసింది. అదీ రాయలేదు. రెండింటినీ పక్కపక్కన పట్టుకొని నేత్రావతి మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉండాల్సిన చోటంతా ఖాళీగా ఉంది, తర్వాత అక్కడికి మెల్లగా ఇంకేదో వచ్చింది.

అండా అడుగున ఇంకా కాసిని వేడినీళ్ళున్నాయి. చెన్నమ్మ గడప బయట కూచుని, షాఫ్ట్‌లోంచి వచ్చిన కొడుకు పెన్ను మీద ఆ నీళ్ళు పోసింది. కొంగుతో తుడిచింది. కళ్ళకద్దుకుంది. ఇక వాడు మాట్లాడొచ్చు.

"నేత్రావతీ" అంది. ఆ పేరు ఆమె నోటివెంట రావడం అదే మొదలు. "నా బిడ్డ... వాడు నీ మాదిరేనా? చెప్పమ్మా. ఒక్క మాట చెప్పు."

నేత్రావతి వంగి ఆమె పాదాలు తాకింది. లేచి, గడప దాటి, సైనైడ్ దిబ్బల వైపునుంచి వీస్తున్న గాలిలోకి నడిచి వెళ్ళిపోయింది.

ఒక్క మాట మాట్లాడకుండా ఇల్లు విడిచిపొమ్మని చెన్నమ్మ రోజూ పొద్దున చెప్పిన మాట, ఆమె వద్దనుకున్న రోజునే చెల్లింది.